బల్ల దగ్గర ఒకటే గిన్నె, మా వంటింట్లో రెండు గ్లాసులు

గుండ్లకమ్మ:
అందరికీ వందనాలు. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. మా ఇల్లు చెన్నైలో ఓఎంఆర్ మీద, షోళింగనల్లూరు దగ్గర. ఇద్దరం ఉద్యోగస్తులం, ఇద్దరు పిల్లలు. నాలుగేళ్ళుగా ఒకావిడ పనికి వస్తోంది. పెరుంబాక్కం బోర్డు ఇళ్ళ నుంచి షేర్ ఆటోలో వస్తుంది, నాకంటే పదేళ్ళు పెద్దది, పాత మద్రాసు తెలుగు మాట్లాడుతుంది. పిల్లలు ఆమెను అత్తా అనే పిలుస్తారు.

మొన్న ఆదివారం మా సంఘంలో ప్రభు భోజన సంస్కారం, మనం బల్ల అంటామే అదే. మాది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), అందరం ఒకే పాత్రలోంచి ద్రాక్షారసం తాగుతాం. నా పక్కన మోకరించినావిడ ఎవరో నాకు తెలియదు. ఆవిడ పెదవి ఆనిన చోటు అయ్యగారు తెల్లగుడ్డతో తుడిచి, పాత్ర కొంచెం తిప్పి నాకందించారు, తాగాను. మనసులో ఏ ఇబ్బందీ లేదు. సోమవారం పొద్దున కాఫీ కలిపి, పనావిడ గ్లాసు కోసం అలవాటుగా చెయ్యి చాచాను. అది మా గ్లాసుల స్టాండులో ఉండదు. సింకు పైన కిటికీ గట్టు మీద, గిన్నెల సబ్బు పక్కన బోర్లించి ఉంటుంది. స్టీలు గ్లాసు, అంచు దగ్గర సొట్ట. చెయ్యి అక్కడే ఆగిపోయింది. దాన్ని అక్కడ పెట్టమని నాకెవరూ చెప్పలేదు, ఆమె పనిలో చేరిన మొదటి రోజు నేనే పెట్టాను.

మా నాయనమ్మది ప్రకాశం జిల్లా. ఆవిడ చిన్నప్పుడు ఊళ్ళో టీకొట్టు దగ్గర మా వాళ్ళకి గ్లాసులు వేరే ఉండేవట, చూరులో దోపి. తీసుకుని తాగి కడిగి మళ్ళీ చూరులోనే పెట్టి రావాలి. 'దాహం తీరేది గానీ గొంతు దిగేది కాదమ్మా' అనేది. ఆవిడ కొడుకులు మిషన్ బడిలో చదువుకున్నారు, మా తరం, క్రైస్తవులైన ఎస్సీలకిచ్చే బీసీ-సి సర్టిఫికెట్లతో కాలేజీలకి, ఉద్యోగాలకి వచ్చింది. ఆ చూరులో గ్లాసు నా చేతుల మీదుగా మా కిటికీ గట్టుకి ఎలా వచ్చిందో నాకే అర్థం కావడం లేదు.

పైగా ఆమె ఆ కాఫీ కూడా సగమే తాగి మిగతాది సింకులో పోసేస్తుంది. మా కాఫీ నచ్చదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు అదీ గుచ్చుకుంటోంది.

మా ఆయనతో అంటే 'శుభ్రత కోసం పెట్టావు, దానికి కులాన్నీ వాక్యాన్నీ ఎందుకు కలుపుతావు' అన్నారు. మీ ఇళ్ళల్లో ఎలా ఉంది? తీసెయ్యాలని ఉంది, కానీ ఆమెతో ఏం చెప్పాలి?

వేళచ్చేరి_తమ్ముడు:
అక్కా, కోపం తెచ్చుకోవద్దు, నాకు బావగారి మాటలో తప్పు కనపడలేదు. మా అమ్మకి పోయినేడు పెద్ద ఆపరేషన్ అయింది, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోమని డాక్టరు గట్టిగా చెప్పారు. కోవిడ్ దగ్గర్నుంచి మా ఇంట్లో నాకూ నా భార్యకే గ్లాసులు వేరు. బయట పది చోట్ల తిరిగి వచ్చే మనిషికి ఒక గ్లాసు విడిగా ఉంచడం జాగ్రత్త అవుతుంది గానీ అవమానం ఎలా అవుతుంది? నువ్వు ఆమెకు జీతం ఒకటో తారీకున ఇస్తున్నావు, పండక్కి చీర పెడుతున్నావు, పిల్లలు అత్తా అంటున్నారు. ప్రభువు చూసేది హృదయాన్ని. ఇలా ప్రతి చిన్నదానికీ టెన్షన్ పడితే బతకలేం అక్కా.

తాంబరం_నర్స్:
తమ్ముడూ, 22 ఏళ్ళుగా వార్డుల్లో పనిచేస్తున్నాను కాబట్టి ఆ ముక్క వరకు చెప్తాను. టీబీ గాలి ద్వారా వస్తుంది, గ్లాసు వల్ల రాదు. సబ్బుతో తోమి కడిగి ఆరబెట్టిన గ్లాసులో ఎవరు తాగినా ఇంకెవరికీ ఏమీ కాదు. మీ అమ్మగారికి జాగ్రత్త కావాలంటే అమ్మగారి గ్లాసు విడిగా పెట్టు, అది వైద్యం. ఇంట్లో మిగతా అందరివీ కలిపి ఉంచి ఒక్క పనావిడది మాత్రం కిటికీలో పెడితే దానికి వైద్యశాస్త్రంలో పేరు లేదు.

ఇంకోటి, మీ ఇంట్లో గ్లాసులన్నీ తోమేది ఎవరు? మీరు నోటికి ఆనించే అంచు మీద ఆమె వేళ్ళు రోజుకి రెండుసార్లు తిరుగుతున్నాయి. ఆమె చేతికి లేని మైల పెదవికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

మారనాత:
ప్రభువు నామమున వందనాలు. సోదరి ఆవేదన అర్థమైంది, కానీ ఒక హెచ్చరిక. రక్షణ కృప చేత, విశ్వాసం ద్వారా. గ్లాసులు మార్చడం వల్ల కాదు. ఈ మధ్య సువార్తని సంఘ సంస్కరణగా మార్చేస్తున్నారు. ఆత్మల రక్షణ కోసం ప్రార్థించండి, ఆ పనావిడకి వాక్యం చెప్పారా? అది ముందు. ఇంట్లో సంగతులు ఇలా బయట పెడితే అన్యుల ముందు మనకే చెడ్డపేరు.

సండేస్కూల్_టీచర్:
మారనాత అన్నా, వాక్యమే చూద్దాం.

మార్కు 7వ అధ్యాయం మొదలయ్యేదే చేతులు, గిన్నెలు కడగడంతో. గిన్నెలు, కుండలు, ఇత్తడి పాత్రలు కడిగే ఆచారం గురించి పరిసయ్యులు, అంటే ఆచారాల్లో నిష్ఠగల యూదులు, పట్టుబడతారు. వాళ్ళు కూడా దాన్ని శుభ్రత అనే అన్నారు, దేవుడి కోసమే చేస్తున్నాం అనుకున్నారు. ప్రభువు కడగొద్దని చెప్పలేదు. బయట నుంచి లోపలికి పోయేది మనిషిని అపవిత్రం చెయ్యదు, లోపల నుంచి వచ్చేదే చేస్తుంది అన్నాడు. తమ్ముడు 'ప్రభువు చూసేది హృదయాన్ని' అన్నాడు కదా, ఆ హృదయంలో ఏముందో అక్కడే వరసగా చెప్పాడు, ఆ వరసలో అహంభావం కూడా ఉంది.

ఇక యోహాను 4. మిట్టమధ్యాహ్నం, బావి దగ్గర యేసు ఒక్కడే ఉన్నాడు, శిష్యులు ఊళ్ళోకి తిండి కొనడానికి వెళ్ళారు, నీళ్ళకి ఒక సమరయ స్త్రీ వచ్చింది. ఆయన దగ్గర చేద లేదు, ఆ మాట ఆమే అంటుంది. అంటే ఆయన తాగాలంటే సమరయ స్త్రీ కుండలో నీళ్ళే తాగాలి. 'నాకు దాహమునకిమ్ము' అన్న మాట మనకి కీర్తనలా వినిపిస్తుంది గానీ ఆమెకు అది పిడుగులా తగిలింది. యూదులు సమరయులతో సాంగత్యం చెయ్యరు అని అక్కడ రాశారే, ఆ గ్రీకు మాటకి కలిసి వాడుకోవడం అనే అర్థం కూడా ఉంది, ఒకరి పాత్ర ఇంకొకరు వాడరు అని చదవాలని కొందరు పండితులు అంటారు. ఆమె రక్షణ సంభాషణ మొదలైంది ఆ కుండ దగ్గరే. ముందు నీళ్ళు అడిగాడు, ఆ తర్వాతే జీవజలం గురించి చెప్పాడు. మనం నీళ్ళ సంగతి వదిలేసి జీవజలం చెప్పడానికి వెళ్తున్నాం.

పోయినేడు మా పిల్లలతో ఈ ఘట్టం నాటిక వేయించాను. యేసు వేషం వేసిన పిల్లాడికి ఏడేళ్ళు. సమరయ స్త్రీ వేషం వేసిన పిల్ల కుండ వంచి నీళ్ళు పోయబోతే వీడు పక్కకి వెళ్ళి తన వాటర్ బాటిల్ తెచ్చుకుని తాగేశాడు. ఎందుకురా అలా చేశావంటే, ఎవరి నీళ్ళూ తాగొద్దని మమ్మీ చెప్పింది టీచర్ అన్నాడు. వాణ్ణి నేనేమీ అనలేకపోయాను. మనం చెప్పకుండానే వాళ్ళు మన కిటికీ గట్టులన్నీ చూస్తుంటారు.

విల్లివాక్కం_పెద్దాయన:
అమ్మా గుండ్లకమ్మా, మన ఏటి పేరు పెట్టుకున్నావు, అది చూడగానే నాలుగు మాటలు రాయాలనిపించింది, రైల్వేలో పనిచేసి రిటైరయినవాణ్ణి, 1974లో ఐసీఎఫ్‌లో, అదే రైలుపెట్టెల ఫ్యాక్టరీలో, చేరినప్పట్నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నాను, నాదీ ఒంగోలు వైపే, చేతి వేళ్ళతో మెల్లగా టైపు చేస్తాను, పొడుగైతే క్షమించండి.

మన తాతలు విశ్వాసంలోకి వచ్చిన కథలో నీ ప్రశ్నకి సగం జవాబుంది. అమెరికా బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. మొదట్లో ఊళ్ళో పెద్దకులాలవారు ఆయన్ని ఆదరించారు, బడి పెడితే పిల్లల్ని పంపారు. అంతలో తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు రావడం మొదలయింది. వీళ్ళని చేర్చుకుంటే మేం రాము అన్నారు పెద్దలు. ఆ దొరకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందట, మొదటి కొరింథీ 1:26, మిమ్మల్ని పిలిచిన పిలుపును చూడండి, మీలో గొప్పవారు అనేకులు లేరు అనే చోటు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. తలుపు తెరిచాడు. పెద్దలు వెళ్ళిపోయారు, బడి ఖాళీ అయింది. మనం లోపలికి వచ్చాం.

మారనాత బాబూ, ఇది నీకు. 1876-78 కరువులో ఆ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో చచ్చిపోతున్నవాళ్ళకి కూలి దొరకాలని. అదే కాలువ, అమ్మా, మీ షోళింగనల్లూరు పక్కన నల్లగా పారుతోందే, అదే ఇక్కణ్ణుంచి పైకి ఒంగోలు దాటి పెదగంజాం దాకా పోతుంది. వేలమంది ఆ మట్టి మోసి బతికారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళకి ఆయన కరువు తీరేదాకా, ఏడాదికి పైగా, ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పోయాక, కూలి డబ్బులు ఆగిపోయాక, అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. చూడు బాబూ, ముందు కూలి, ముందు గంజి, బాప్తిస్మం ఆ తర్వాత. ఆయన ఆత్మల రక్షణ తక్కువ చేశాడని ఎవరైనా అనగలరా? ఆ 2,222 మందిలో ఈ అమ్మాయి నాయనమ్మ పెద్దలు ఉండే ఉంటారు, మావాళ్ళు ఉన్నారు.

మారనాత:
పెద్దాయన గారూ, ఆ కాలువ సంగతి నాకు తెలియదు. ఆలోచిస్తాను. కానీ క్రియలే సువార్త అంటే మాత్రం నేను ఒప్పుకోను.

సండేస్కూల్_టీచర్:
ఎవరూ అలా అనడం లేదన్నా. లూకా 16 చూడండి. ఆ ధనవంతుడు తన గేటు దగ్గర పడి ఉన్న బిచ్చగాడు లాజరును కొట్టినట్టు గానీ తిట్టినట్టు గానీ ఎక్కడా లేదు. గేటు దగ్గర నుంచి తరిమెయ్యనూ లేదు. రోజూ చూస్తూ దాటిపోయాడు, అంతే. చనిపోయి పాతాళంలో ఉండి కూడా లాజరును పంపించు, వేలు తడిపి నా నాలుక చల్లార్చమను అంటాడు. అక్కడ కూడా ఇతనికి అతను పనివాడే. ఆ వాక్యం దగ్గర నాకు ఎప్పుడూ భయం వేస్తుంది.

సైటు_బోధకుడు:
నేను కొంచెం వేరే కోణంలో చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ బిల్డింగు సైట్లలో పనిచేసే మనవాళ్ళ దగ్గరికి ఆదివారం సాయంత్రం వెళ్ళి రేకుల షెడ్లలో చిన్న కూడిక పెడతాను. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల బిల్డింగు కూలిపోయి 61 మంది చనిపోయారు, గుర్తుందా? శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులకి తమిళం రాదు, ఏ కాగితం మీద ఏం రాయాలో తెలియదు. నేను మూడు రోజులు మార్చురీ బయట నిలబడి మాట తర్జుమా చేశాను, అంతకన్నా ఏం చెయ్యగలను. బోధించలేదు, ప్రార్థన కూడా వాళ్ళు అడిగితేనే.

రెండో రోజు ఒక తండ్రి. కొడుకు కోసం వచ్చాడు. పొద్దుట్నుంచి ఏమీ తాగలేదు. నా బాటిల్ ఇచ్చాను. చేత్తో పట్టుకుని మూత తీసి, నావైపు చూసి, 'బాబూ, మేం తాగొచ్చా' అన్నాడు. కొడుకు శవం లోపలుంది, ఆ మనిషికి ఆ ప్రశ్న అడగాలని గుర్తుంది. ఎన్నేళ్ళ నుంచి నేర్పితే అంత లోపలికి దిగి ఉంటుంది? తాగండి నాన్నా అన్నాను. అయినా పెదవులకి ఆనించకుండా ఎత్తి పోసుకున్నాడు, సగం చొక్కా మీద పడ్డాయి.

చిన్నవారిలో ఒకరికి గిన్నెడు చన్నీళ్ళు ఇస్తే దాని ఫలం పోదు అని మత్తయి 10లో ఉంది. నీళ్ళు ఇవ్వడం తేలిక అనుకునేవాణ్ణి అప్పటిదాకా. గుండ్లకమ్మ గారూ, మీరు గ్లాసు తీసెయ్యండి. కానీ ఆమె వెంటనే మీ గ్లాసు ముట్టుకోకపోతే బాధపడకండి.

సెమ్మంచేరి:
ఇవన్నీ చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మ ఇళ్ళల్లో పనిచేసి నన్ను చదివించింది. మాది తాతల కాలంలో నెల్లూరు నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబం. సునామీ తర్వాత మమ్మల్ని సెమ్మంచేరిలో పడేశారు, అప్పటికి నాకు 11 ఏళ్ళు. అమ్మ పాత ఇళ్ళు వదల్లేక తెల్లవారుజామున బస్సెక్కి అడయారు వెళ్ళేది, 19 ఏళ్ళు చేసింది ఆ పని.

అక్కా, మీ మంచితనాన్ని నేను అనుమానించడం లేదు. ఒక్కటే అడుగుతాను. మీ మనసు తేలిక కావడానికి ఆమెను వాడుకోకండి. ఆమెని కూర్చోబెట్టి ఏడ్చి, క్షమించు అని, కొత్త గ్లాసు చేతికిచ్చి, ఆ సంగతి సంఘంలో సాక్ష్యం చెబితే, ఆ రోజు కూడా పని ఆమెదే అవుతుంది, మిమ్మల్ని ఓదార్చే పని.

మా అమ్మకి గ్లాసు బాధ ఉండేదా అంటే, ఉండేది. కానీ గ్లాసుకన్నా పెద్దవి ఉన్నాయి. ఒక ఇంట్లో హాల్లో గోడంతా పట్టే ఫ్రేములో 'నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము' అని ఉండేది. ఆ ఇంట్లో డిసెంబర్ 25న మా అమ్మకి సెలవు లేదు. వాళ్ళ చుట్టాలు వస్తారు, గిన్నెలు ఎక్కువ పడతాయి. అమ్మ కూడా విశ్వాసి అని వాళ్ళకి తెలుసు. మేం నలుగురం పిల్లలం కొత్తబట్టలు వేసుకుని సాయంత్రం 6 దాకా గుమ్మంలో కూర్చునేవాళ్ళం. అమ్మ వాళ్ళు కట్టి ఇచ్చిన బిర్యానీ తెచ్చేది. నేను తినేవాణ్ణి కాదు.

ఇంకో ఇంట్లో ఒక ముసలావిడ, హిందువులు, రోజూ వంటింటి గడప మీద అమ్మ పక్కన కూర్చుని ఇద్దరూ ఒకే కెటిల్లోంచి టీ పోసుకుని, చక్కెర వ్యాధి గురించి, కోడళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆవిడ చనిపోయినప్పుడు మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. సువార్త ఏ ఇంట్లో ఉందో నేనేం చెప్పను, మీకే తెలుసు.

కాబట్టి అక్కా, మీరు నిర్ణయించి ఆమెకు ఇవ్వొద్దు. ఆమెను అడగండి. ఇక్కడ నీకు ఏది కష్టంగా ఉంది అని అడగండి. అడిగాక ఆమె చెప్పినది మీకు ఇబ్బందిగా ఉన్నా చెయ్యండి. గుడ్డివాడు ఎదురుగా నిలబడి ఉంటే కూడా ప్రభువు 'నేను నీకేమి చేయగోరుచున్నావు' అని అడిగాడు కదా.

వేళచ్చేరి_తమ్ముడు:
అన్నా, డిసెంబర్ 25 సంగతి చదివాక చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మా ఇంట్లో కూడా క్రిస్మస్ రోజు పనమ్మాయి వస్తుంది. డబుల్ డబ్బులు ఇస్తున్నాం కదా అనుకునేవాణ్ణి. ఆమె ఏ మతమో, ఇంట్లో ఎంతమంది పిల్లలో నాకు తెలియదు. నిజంగా తెలియదు. నర్స్ అక్క చెప్పినది కూడా ఒప్పుకుంటున్నాను, అమ్మ గ్లాసు వేరు పెట్టి మిగతావి కలిపేశాం. నా భార్య మొదట అడ్డం చెప్పింది, తర్వాత సరే అంది.

ఒక సందేహం. జీతం సంగతి. చుట్టుపక్కల ఇళ్ళకన్నా ఎక్కువిస్తే రేట్లు పెంచుతున్నారని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో తిడతారు. ఏం చెయ్యాలి?

తాంబరం_నర్స్:
మత్తయి 20 చదువు తమ్ముడూ. ద్రాక్షతోట యజమానిని కూడా అలాగే తిట్టారు. సాయంత్రం ఐదింటికి వచ్చినవాడికి కూడా పొద్దున వచ్చినవాళ్ళతో సమానంగా దేనారం ఇచ్చాడని. దేనారం అంటే రోజుకూలి, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగడానికి కావలసింది. వాళ్ళు అడ్డా మీద ఎందుకు నిలబడ్డారో కూడా ఉంది, మమ్మల్ని ఎవరూ కూలికి పిలవలేదు అంటారు. యజమాని వాళ్ళు చేసిన గంటలు చూడలేదు, వాళ్ళ అవసరం చూశాడు.

ఇంకో సంగతి, తమిళనాడులో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి సంక్షేమ బోర్డు 2007లోనే వచ్చింది. మీ పనమ్మాయి అందులో నమోదైందో లేదో కనుక్కుని, లేకపోతే ఒక పూట సెలవు పెట్టి తనతో వెళ్ళు. అప్లికేషన్ నింపడానికి నీ చదువు పనికొస్తుంది.

గుండ్లకమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. సెమ్మంచేరి తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే ఏడుస్తూ క్షమాపణ అడగాలనే అనుకున్నాను. నువ్వు రాయకపోతే అదే చేసేదాన్ని. ఒక వారం ఆగి రాస్తాను.

విల్లివాక్కం_పెద్దాయన:
ఆగు తల్లీ, తొందర లేదు. ప్రార్థిస్తున్నాం.

గుండ్లకమ్మ:
తొమ్మిది రోజులైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంగళవారం పొద్దున స్టాండులోంచి రెండు గ్లాసులు తీసి కాఫీ పోశాను. ఆమెకు ఒకటి ఇచ్చాను. గ్లాసు చూసింది, నన్ను చూసింది, కిటికీ వైపు చూసింది. 'నా గ్లాసు ఏడమ్మా, పగిలిపాయెనా' అంది. స్టీలు గ్లాసు పగలదని ఇద్దరికీ తెలుసు. ఇన్నాళ్ళూ నీది వేరే పెట్టాను, అలా పెట్టకుండా ఉండాల్సింది, ఇకమీదట ఇందులోనే తాగు అన్నాను. ఏడవలేదు, చాలా కష్టపడి ఆపుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. గ్లాసు ఎత్తి పోసుకుని తాగింది, పెదవికి ఆనకుండా. సైటు బోధకుడు గారు ముందే చెప్పి ఉండకపోతే నాకు కష్టంగా ఉండేది. కాసేపయ్యాక గిన్నెలు తోముతూ, నావైపు తిరక్కుండానే, 'అన్ని ఇండ్లల్లోనూ అంతే కదమ్మా. మూడో ఫ్లోర్‌లో గ్లాసే లేదు, నేనే తెచ్చుకుంటా' అంది.

కాఫీ మళ్ళీ సగమే తాగింది. మిగతాది పోసేసింది.

అడగడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. గురువారం పిల్లలు స్కూలుకి వెళ్ళాక ఆమె పక్కన ఉల్లిపాయలు తరుగుతూ, నీకు ఇక్కడ ఏది కష్టంగా ఉంది, నిజం చెప్పు అన్నాను. జీతం అడుగుతుందనుకున్నాను. ఏం లేదమ్మా అంది. మళ్ళీ అడిగాను. చాలాసేపు ఊరుకుని, చాలా చిన్నగా, బాత్రూం అంది.

పొద్దున 6:30కి మా అపార్ట్‌మెంట్‌కి వస్తుంది. నాలుగిళ్ళు చేసి మధ్యాహ్నం 1:30కి బయల్దేరుతుంది. ఈ ఏడు గంటల్లో ఒక్క ఇంట్లో కూడా బాత్రూంకి వెళ్ళనివ్వరు. అడగదు కూడా. బేస్‌మెంట్లో పనివాళ్ళ కోసమని ఒకటి కట్టారు, దానికి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి సెక్యూరిటీ సూపర్‌వైజర్ దగ్గర. మగమనిషి దగ్గరికి వెళ్ళి ప్రతిసారీ తాళం అడగడం ఆమెకు సిగ్గు. అందుకని పొద్దున లేచినప్పట్నుంచి నీళ్ళు తాగదు. అందుకే కాఫీ సగం పారబోసేది. నాలుగేళ్ళు. మా ఇంట్లో మూడు బాత్రూంలు ఉన్నాయి, మూడూ కడిగేది ఆమే.

నేను గ్లాసు గురించి ఇంత బాధపడ్డాను, ఆమె అసలు తాగలేకపోతోందని నాకు తెలియలేదు.

పిల్లల గది పక్కనున్న బాత్రూం ఆమెకు చూపించి, రాగానే వెళ్ళు, ఎన్నిసార్లయినా వెళ్ళు, అడగొద్దు అన్నాను. మొదటి రెండు రోజులు వెళ్ళలేదు. ఆ తలుపు గడియ వదులైపోయి సరిగ్గా పడదు, మేం పట్టించుకోలేదు. ఈ సంగతి మా ఆయనతో రాత్రి చెప్పాను. మాట్లాడలేదు. శనివారం స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చుని ఆ గడియ విప్పి కొత్తది బిగించారు, రెండు మూడుసార్లు వేసి తీసి చూశారు. సోమవారం ఆమె వెళ్ళింది.

ఆ పాత గ్లాసు నేను తీసి అటక మీద పెట్టాను, పారెయ్యబుద్ధి కాలేదు. అటక దులిపేటప్పుడు ఆమె చూసినట్టుంది. చింతపండు పెట్టి తోమి స్టాండులో మా గ్లాసుల మధ్య పెట్టేసింది. నిన్న మా చిన్నోడు అందులోనే పాలు తాగాడు.

వచ్చే నెల రెండో ఆదివారం 11 గంటలకి అసోసియేషన్ మీటింగ్. బేస్‌మెంట్ తాళం గురించి ఒక ఉత్తరం రాసి అడుగుదామనుకుంటున్నాను. నా తమిళం అంతంతమాత్రం, అక్కడ అందరి ముందూ మాట్లాడాలంటే గొంతు ఎండిపోతుంది.

మారనాత:
సోదరీ, మా అపార్ట్‌మెంట్లో ఇవాళ కిందికి దిగి చూశాను. మాకు ఆ ఒక్కటి కూడా లేదు. డ్రైవర్లు, వాచ్‌మన్ వెనక గోడ దగ్గరికి వెళ్తారు, ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తారో ఇప్పటిదాకా నేను ఆలోచించలేదు. మీరు రాసే ఉత్తరం నాకూ కావాలి.

సెమ్మంచేరి:
అక్కా, ఉత్తరం తమిళంలో నేను రాసి పెడతాను, మీ బ్లాకు పేరు వేసుకోండి. ఇవి మాత్రం గట్టిగా అడగండి: ఆడవాళ్ళకి విడిగా, లోపల గడియ, నీళ్ళు, మూత ఉన్న చెత్తబుట్ట. తాళం ఉండకూడదు. శుభ్రం చెయ్యడానికి ఎవరిని పెడతారో, ఆ మనిషికి దానికి విడిగా డబ్బులు ఇస్తారో లేదో కూడా అందులోనే రాయించుకోండి, లేకపోతే అది కూడా మీ పనావిడ నెత్తినే పడుతుంది.

వేళచ్చేరి_తమ్ముడు:
అక్కా, ఆ ఆదివారం నేను ఖాళీయే. మీ మెంబర్లు కానివాళ్ళని లోపలికి రానివ్వకపోతే బయట కూర్చుంటాను. తమిళం నాకు బాగా వచ్చు, కావాలంటే ముందురోజు ఇద్దరం ఒకసారి మాట్లాడి చూసుకుందాం.

గుండ్లకమ్మ:
సరే తమ్ముడూ, రా. నేను 8:30 ఆరాధనకి వెళ్ళి తిరిగొచ్చేస్తాను. సెమ్మంచేరి తమ్ముడూ, ఉత్తరం మీటింగుకి ముందు శుక్రవారం లోపు పెడితే సంతకాలకి రెండు రోజులు ఉంటుంది. మూడో ఫ్లోర్ వాళ్ళ దగ్గరికి ముందు వెళ్తాను.